ఎయిర్ డస్టర్‌లో కలిపే చేదు: ఎనిమిదేళ్లు వాడాక

మూడేళ్ల కిందటి వేసవిలో మా పెరట్లో కాసిన దోసకాయలు కనీసం డజను చెత్తబుట్ట పాలయ్యాయి. వాటిలో ఒక్కటి కూడా చేదు కాయ కాదని తెలిసేసరికి పాదు ఎండిపోయింది. అసలు దోషి నా కంప్యూటర్ బల్ల మీద కూర్చుని ఉంది. అరడుగు ఎత్తు రేకు డబ్బా, నెత్తిన ఒక మీట, పక్కన ఎర్రటి సన్న గొట్టం. ఎయిర్ డస్టర్ అంటారు. మా అమ్మ దానికి బుస్సుడబ్బా అని పేరు పెట్టింది. మా ఇంట్లో ఇప్పుడు అందరం అలాగే అంటున్నాం.

మేముండేది అమెరికాలో, టెక్సస్ రాష్ట్రంలో, డాలస్ పక్కన. నా ఉద్యోగం చాలావరకు ఇంటి నుంచే. కీబోర్డు ముందే తిండి, కీబోర్డు ముందే టీ. కాబట్టి ఎనిమిదేళ్లలో ఈ డబ్బాలు నలభైదాకా ఖాళీ చేసి ఉంటాను. ఒకే కంపెనీవి కాదు, కొట్లో ఆ వారం ఏది చవకైతే అది. కాబట్టి ఈ సమీక్ష ఏదో ఒక డబ్బా గురించి కాదు, వాటిలో చాలావాటిలో కలిపే చేదు గురించి.

ముందు మంచి మాట చెప్పాలి. పని విషయంలో దీనికి వంక పెట్టలేం. కీబోర్డు మీటల సందుల్లో చిక్కుకున్న కారప్పూస ముక్క, కంప్యూటర్ ఫ్యానుకు పట్టిన బూజు, కుట్టుమిషను బాబిన్ కింద పేరుకున్న నూలు పీచు, అన్నీ రెండు నొక్కులకు ఎగిరిపోతాయి. బ్రష్షుతో పావుగంట పట్టే పని అర నిమిషంలో అయిపోతుంది. అందుకే కదా నలభై కొన్నాను.

పేరుకు ఎయిర్ అన్నారు గానీ లోపల ఉన్నది గాలి కాదు. ఎక్కువ డబ్బాల్లో ఉండేది డైఫ్లోరోఈథేన్ అనే వాయువు. ఒత్తిడితో దాన్ని ద్రవంగా మార్చి నింపుతారు. మామూలు వాతావరణంలో అది సున్నాకు పాతిక డిగ్రీలు దిగువనే మరుగుతుంది. అందుకే నాలుగుసార్లు నొక్కేసరికి డబ్బా చేతిలో మంచుగడ్డలా తయారవుతుంది. తలకిందులు చేసి నొక్కితే వాయువుకు బదులు ద్రవమే చిమ్ముతుంది, చర్మం మీద పడితే మంచు కాటు వేస్తుంది. పైగా మంట అంటుకునే వాయువు. ఇవన్నీ డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉంటాయి. చేదు సంగతి మాత్రం అలా ఉండదు, దాని దగ్గరికే వస్తున్నాను.

ఈ వాయువును మత్తు కోసం పీల్చేవాళ్లున్నారు. చవక, ఏ కొట్లోనైనా దొరుకుతుంది, ఇంట్లో ఉన్నా ఎవరికీ అనుమానం రాదు. పీలిస్తే కొద్ది నిమిషాలు తల తిరుగుతుంది. కొందరికి గుండె లయ తప్పి అక్కడికక్కడే ఆగిపోతుంది, మొదటిసారి పీల్చినవాళ్లకైనా సరే. అమెరికాలో వినియోగ వస్తువుల భద్రత చూసే సంఘం 2012 నుంచి 2021 వరకు లెక్క తీస్తే ఇలాంటి మరణాలు వెయ్యికి పైనే తేలాయి. పోయినవాళ్లలో పదిహేను, పదహారేళ్ల పిల్లలున్నారు. ఆ తల్లిదండ్రుల కడుపుకోత ముందు నా దోసకాయల గొడవ ఎంత? ఇది తెలిసే రాస్తున్నాను.

పీల్చేవాళ్లను ఆపడానికి తయారీదారులు ఎంచుకున్న ఉపాయం డబ్బాలో చేదు కలపడం. ఆ చేదు పేరు డెనటోనియం బెంజోయేట్. 1958లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో, పళ్ల డాక్టర్లు వాడే మత్తుమందు లాంటివాటి మీద పరిశోధన చేస్తుండగా అనుకోకుండా బయటపడింది. మనిషికి తెలిసిన పదార్థాల్లో అత్యంత చేదైనదని పేరు. ఒక గ్రాము తీసుకుని వంద లీటర్ల నీళ్లలో కలిపితే ఆ నీళ్లు నోట పెట్టలేం. అదే గ్రాము ఇరవై వేల లీటర్లలో, అంటే మన ఊళ్లలో తిరిగే పెద్ద నీళ్ల ట్యాంకర్లు రెండింటిలో కలిపినా, నాలుకకు తేడా తెలుస్తుంది. కాకర, వేప, నేలవేము, అన్నీ దీని ముందు పాయసాలే.

ఇక దోసకాయల కథ. ఆ ఏడు అమ్మ ఆరు నెలలు ఉండిపోవడానికి వచ్చింది. వస్తూనే పెరట్లో దోస పాదు పెట్టింది. జూన్ చివరికి పసుపుపచ్చగా గుండ్రటి కాయలు. నేను మధ్యాహ్నం మీటింగుల మధ్య ఖాళీ దొరికితే వంటింట్లోకి వెళ్లి కూరలు తరిగేవాణ్ని. దోసకాయ తరిగే ముందు ముచ్చిక పక్కన చిన్న ముక్క కోసి రుచి చూడాలన్నది మనందరి ఇళ్లలో ఉన్న చట్టమే. నేను ముక్క కోసి అమ్మ చేతిలో పెట్టేవాణ్ని. అమ్మ నాలుక మీద పెట్టుకుని, మొహం ముడుచుకుని, సింకు దగ్గరికి పరుగెత్తేది. కాయ బుట్టలోకి పోయేది.

చిత్రం ఏమిటంటే మా ఆవిడ తరిగిన రోజున కాయ తియ్యగా ఉండేది. ఒకే పాదు, ఒకే నీళ్లు. అమ్మ దీనికి కారణాలు వెతికింది. ఎండ ఎక్కువైందంది. ఈ దేశపు మట్టి గుణమంది. చివరికి కోడలి హస్తవాసి మంచిదని తేల్చింది, అది నాకు మరీ అన్యాయంగా తోచింది. ఆ వారమే ఒక సీసాడు దోసావకాయ పెట్టాం, ముక్కలు ఇద్దరం కలిసి తరిగాం. మూడో రోజు తీసి చూస్తే కొన్ని ముక్కలు అమృతం, కొన్ని ముక్కలు విషం. ఏది ఏదో తినేదాకా తెలియదు. ఆవపిండి, నువ్వుల నూనె, ఊరి నుంచి తెచ్చిన కారం, అంతా పారబోశాం. అమ్మ ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

గుట్టు విప్పింది కుట్టుమిషను. ఆదివారం సాయంత్రం అమ్మ జాకెట్లు కుట్టుకుంటానంటే, చాన్నాళ్లుగా మూల పడి ఉన్న మిషనును బుస్సుడబ్బాతో శుభ్రం చేసి పెట్టాను. బాబిన్ దగ్గర, సూది చుట్టూ, దారం ఉండ మీద కూడా కొట్టాను. సోమవారం పొద్దున్న అమ్మ సూదిలోకి దారం ఎక్కించడానికి కొసను నోట్లో పెట్టుకుని తడి చేసింది. కెవ్వుమంది. నేను మీటింగు వదిలేసి వెళ్లేసరికి నాలుక బయట పెట్టి నిలబడి ఉంది.

"ఒరేయ్, దోసకాయ దారంలోకి ఎలా వచ్చిందిరా?"

అప్పుడు వెలిగింది. వెనక్కి వచ్చి కూర్చుని, తలుపు వేసి, చూపుడు వేలు కీబోర్డు మీద స్పేస్ మీటకు రాసి నాలుకకు అంటించుకున్నాను. నలభై ఏళ్ల మనిషి చేయాల్సిన పని కాదు, ఒప్పుకుంటాను. మొదట ఏమీ లేదు. మూడు నాలుగు సెకన్ల తర్వాత నాలుక చివర నుంచి గొంతు దాకా పాకింది. పంచదార నోట్లో పోసుకున్నా పోలేదు, పెరుగు తాగినా పోలేదు. సాయంత్రం నాలుగింటికి తాగిన కాఫీలో కూడా అదే చేదు. డబ్బా తీసి, వెనకవైపు బార్ కోడు పక్కన ఉన్న చీమతలకాయంత అక్షరాలను ఫోనుతో ఫొటో తీసి పెద్దవి చేసుకుని చదివాను. పీల్చకుండా ఉండేందుకు చేదు కలిపామని ఒకే ఒక వాక్యం ఉంది. అది వస్తువుల మీద మిగిలిపోతుందని గానీ, వాడాక చేతులు కడుక్కోవాలని గానీ, తిండి దగ్గర వాడొద్దని గానీ ఆ డబ్బా మీద లేదు.

ఈ డబ్బాల్లోని ప్రధాన లోపం ఇదే. వాయువు పని చేసి ఎగిరిపోతుంది. దాంతోపాటు వచ్చిన చేదు ఎగిరిపోదు. అది ఆవిరయ్యే పదార్థం కాదు, ఒక రకం లవణం. కంటికి కనపడని తుంపరగా వచ్చి, వాయువు పోయాక తాకిన చోటల్లా పొడిపొరలా అంటుకుంటుంది. అంటే దుమ్ము పోగొట్టడానికి కొన్న వస్తువు, దుమ్ము ఉన్న చోట ఇంకేదో పూసి వెళుతోందన్నమాట. శుభ్రం చేసే సామానుకు ఇంతకన్నా అప్రతిష్ఠ ఏముంటుంది?

ఆ తర్వాత రెండు మూడు నెలలు నేను పట్టుదలకు పోయి ఇంట్లో ప్రయోగాలు చేశాను. పొడి టిష్యూతో తుడిస్తే చేదు పోదు, పక్క మీటలకు కూడా పాకుతుంది. తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే తగ్గుతుంది గానీ మిగులుతుంది. స్పిరిట్ అద్దిన గుడ్డతో ఒకసారి, నీళ్ల గుడ్డతో రెండుసార్లు తుడిస్తే దాదాపు పోతుంది. అది నీళ్లలోనూ ఆల్కహాలులోనూ కరుగుతుంది కాబట్టి. కానీ తడిగుడ్డ వెళ్లలేని సందుల కోసమే కదా ఈ డబ్బా కొన్నది! మీటల కింద పడిన చేదు అక్కడే ఉండి, వేలు తగిలినప్పుడల్లా కొంచెం కొంచెం పైకి వస్తూనే ఉంటుంది. చేతులైతే సబ్బుతో రెండుసార్లు, గోళ్ల సందుల్లో రుద్ది మరీ కడగాలి. ఒకసారి కడిగిన చేత్తో ముద్దపప్పు కలుపుకున్న రోజు నాకింకా గుర్తుంది.

చేత్తో తినే మనలాంటివాళ్లకు ఇది రెట్టింపు బాధ. ఫోర్కుతో తినేవాడికి కీబోర్డు చేదు ఎప్పుడో గాని నోటికి చేరదు. మనకు రోజుకు రెండు పూటలు చేరుతుంది. వేలు తడి చేసుకుని పుస్తకం పేజీలు తిప్పేవాళ్లు, నోట్లు లెక్కపెట్టేవాళ్లు, దారం కొస నోట్లో పెట్టుకునేవాళ్లు, వేళ్లు చీకే పసిపిల్లలు, వీళ్లందరూ ఈ డబ్బా తయారుచేసినవాళ్ల ఊహలో ఉన్నట్టు లేరు.

గాల్లో తేలే తుంపర మరో తలనొప్పి. తలుపులు వేసిన గదిలో పది నొక్కులు నొక్కితే గొంతు వెనక చేదు మొదలవుతుంది. నేను పీల్చాలని పీల్చలేదు, ఊపిరి తీసుకున్నానంతే. పొద్దున్నే బల్ల శుభ్రం చేసుకుని తర్వాత కాఫీ తాగుదామనుకుంటే ఆ ఫిల్టరు కాఫీ డబ్బులు దండగే. సంగతి తెలిశాక నేను ముందు కాఫీ తాగి, తర్వాత డబ్బా తీసుకుని గ్యారేజీలోకి వెళ్లేవాణ్ని.

చేదు వల్ల అసలు పని జరుగుతోందా అంటే, నాకు నమ్మకం కుదరలేదు. ద్రవాల సంగతి వేరు. కారు ఇంజన్లలో పోసే కూలెంటు తియ్యగా ఉండి పిల్లలను, కుక్కలను ఆకర్షిస్తుంది. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు దానికి చేదు కలపాలని చట్టాలు చేశాయి, 2012లో తయారీదారులు దేశమంతటా కలుపుతామని ఒప్పుకున్నారు. తియ్యటి దాన్ని పొరపాటున నోట్లో పెట్టుకునేవాళ్లకు చేదు అడ్డు నిలుస్తుందనే ఆలోచనలో ఒక తర్కం ఉంది. డస్టర్ వాయువును ఎవరూ రుచి కోసం నోట్లో పెట్టుకోరు. అది ఊపిరితిత్తుల్లోకి వెళ్లాల్సిన మత్తు. అలవాటు పడ్డవాడు రుచిని లెక్కచేస్తాడా? 2020 జులైలో ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దొరక్క శానిటైజరు తాగి పదిమందికి పైగా చనిపోయారు. శానిటైజరు ఎవరి నోటికీ కమ్మగా ఉండదు. అయినా తాగారు.

డబ్బాల్లో ఏళ్ల తరబడి చేదు ఉండగానే ఆ వెయ్యికి పైగా మరణాలూ జరిగాయి. పిల్లలను పోగొట్టుకున్న కుటుంబాల సంఘం 2021లో ఆ భద్రతా సంఘానికి అర్జీ పెట్టుకుంది. 2024లో సంఘం ఒక ప్రతిపాదన చేసింది. డైఫ్లోరోఈథేన్‌నూ దాని తోబుట్టువైన మరో వాయువునూ డబ్బాకు 18 మిల్లీగ్రాములకు మించి నింపకూడదని. గ్రాముల్లో, అందులోనూ వందల గ్రాముల్లో నింపే వస్తువుకు మిల్లీగ్రాముల హద్దు అంటే నిషేధం కిందే లెక్క. చేదు సరిపోయి ఉంటే అంతదాకా వెళ్లేవారు కాదు.

మన దేశంలో ఇలాంటి చిక్కే వైట్నరుతో వచ్చింది. రైల్వే స్టేషన్ల దగ్గర పిల్లలు గుడ్డ మీద పోసుకుని పీల్చడం హైదరాబాదు, విజయవాడ వాసులందరూ చూసిందే. 2012లో కేంద్రం సీసాల్లో వైట్నరు, థిన్నరు చిల్లరగా అమ్మడాన్ని ఆపి, పెన్ను రూపంలో కొద్ది మోతాదులో మాత్రం అమ్మనిచ్చింది. పీల్చడం పూర్తిగా ఆగిందని అనను. కానీ ఆ పద్ధతి నాకు నచ్చింది. కాగితం మీద తప్పు దిద్దుకునే గుమస్తా చేతికి ఏ చేదూ అంటలేదు.

ఒక పిడకల వేట. ఇదే చేదును 2017లో నింటెండో అనే వీడియో ఆటల కంపెనీ తన స్విచ్ యంత్రంలో పెట్టే చిన్న ఆట కార్డులకు పూసింది, పసిపిల్లలు మింగకుండా. ఫలితం? అవి నిజంగా అంత చేదా అని పెద్దవాళ్లు పనిగట్టుకుని నాకి, వీడియోలు తీసి పెట్టారు. చేదు ఉందని చెబితే రుచి చూసే జాతి మనది. స్పేస్ మీట నాకిన నేను వాళ్లను తప్పుపట్టలేను.

సంగతి తెలిశాక అమ్మ చాలాసేపు నవ్వింది. తర్వాత నా గురించి ఒక కథ చెప్పింది. నాకు పాలు మాన్పించడానికి వేపాకు నూరి రాసుకుందట. మొదటి రోజు ఏడ్చి ఊరుకున్నాను. రెండో రోజూ ఏడ్చాను. మూడో రోజు చెంబుతో నీళ్లు తెచ్చి, కడిగి ఇమ్మన్నానట. "కావాలనుకున్నవాడికి వేపాకు అడ్డమా?" అంది. వేపాకు ఒక బిడ్డ కోసం రాస్తారు, నాలుగు రోజులకు కడిగేస్తారు. డబ్బాలోని వేపాకు ఎవరో ఒక బిడ్డ కోసమని దేశంలోని కీబోర్డులన్నింటికీ పూస్తున్నారు.

చేదు కలపని డబ్బాలూ దొరుకుతాయి. ప్రయోగశాలలకు, ఎలక్ట్రానిక్ మరమ్మతులు చేసేవాళ్లకు అమ్ముతారు, ధర కొంత ఎక్కువ. వాళ్లకూ ఈ మిగులు పనికిరాదు మరి. నేను నాలుగు తెప్పించుకుని వాడాను. పని అదే, అంటు లేదు, గొంతులో ఏమీ లేదు. కానీ ఆ నాలుగూ వాడినన్ని రోజులు నాకు స్థిమితం లేదు. మా అక్క కొడుకు పదిహేనేళ్లవాడు, శని ఆదివారాలు మా ఇంట్లోనే ఉంటాడు. బంగారంలాంటి పిల్లవాడు. అయినా ఆ డబ్బాలను గ్యారేజీ అల్మారాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని తిరిగాను. అప్పుడు తట్టింది, చేదు ఉన్న డబ్బాలను ఆరేళ్లపాటు బల్ల మీదే వదిలేసి నిశ్చింతగా ఉన్నానని. అక్షరాల్లో కనిపించని ఆ చేదు మీద నాకు తెలియకుండానే ఎంత భరోసా పెట్టుకున్నానో!

ప్రస్తుతం నా దారి వేరు. రెండేళ్ల కిందట చార్జింగ్ పెట్టుకునే చిన్న బ్లోయరు కొన్నాను, అరవై డాలర్ల లోపే. నిజంగా గాలే ఊదుతుంది. మంచు పట్టదు, మంట అంటుకోదు, డబ్బాలు కొనే పని లేదు. మోత మాత్రం మిక్సీలో పప్పు రుబ్బినట్టు ఉంటుంది, పిల్ల నిద్రపోతున్నప్పుడు వాడలేం. చార్జింగ్ ఇరవై నిమిషాలకు మించి నిలవదు. డబ్బాకున్నంత ఊపు దీనికి లేదు, జిడ్డు పట్టిన దుమ్మును కదిలించలేదు. కెమెరా లెన్సుకు మాత్రం రబ్బరు బుడ్డి ఊదుడే వాడతాను, అది రెండింటికన్నా మెరుగు.

ఇంకా డబ్బాయే కావాలనుకుంటే, ఇంటి బయటో గ్యారేజీలోనో నిటారుగా పట్టుకుని చిన్న చిన్న నొక్కులతో వాడండి. తర్వాత స్పిరిట్ గుడ్డ, ఆపైన తడిగుడ్డ. వంటింటి తూకం యంత్రం, మిక్సీ మోటారు, పిల్లల బొమ్మలు, కుట్టుమిషను దగ్గరికి దాన్ని తేవద్దు. చేదుకు ఐదులో ఒక మార్కు, అదీ సదుద్దేశానికి. డబ్బా పనితనానికి నాలుగు.

ఈ జూన్‌లో అమ్మ మళ్లీ వచ్చింది, మళ్లీ దోస పాదు పెట్టింది. పోయిన ఆదివారం నేను కాయ కోసి ముచ్చిక ముక్క ఇస్తే ఉమ్మేసింది. కాయను చూడలేదు, నా చేతులను చూసింది. డబ్బా ముట్టుకుని ఏడాది దాటిందన్నాను. మా ఆవిడ ఇంకో ముక్క తన చేత్తో కోసుకుని తిని, ఈసారి కాయే చేదని తీర్పు చెప్పింది. అయినా నేను సింకు దగ్గరికి వెళ్లి, గోళ్ల సందులతో సహా, రెండుసార్లు చేతులు కడుక్కుని వచ్చాకే అమ్మ రెండో కాయ నా చేతికిచ్చింది.